ఆఫీసుకు వేరు కాపురం

"ఆఫీసు చుట్టూ ప్రజలు తిరిగే కాలం ఈ రోజుతో పోయింది! ఇక ప్రజల చుట్టూ ఆఫీసే తిరుగుతుంది. ఎలా తిరుగుతుంది అని ప్రతిపక్షం వాళ్ళు అడుగుతున్నారు. నా జేబులో తిరుగుతుంది!"

రాష్ట్ర ప్రజా సౌలభ్యాల శాఖ మంత్రి శ్రీ రాఘవేంద్రప్రసాద్ గారు కల్లూరులో మా షాపు ముందు వేసిన షామియానా కింద నిలబడి ఈ మాట ప్రకటించి, లాల్చీ జేబు మీద రెండుసార్లు తట్టి చూపించారు. చప్పట్లు మోగాయి. అప్పటికి ఆ జేబు ఖాళీగానే ఉంది. అయినా జనం ఆ జేబు వైపు చూసిన చూపులో ఎంత నమ్మకం ఉందో నేను కళ్ళారా చూశాను. ఖాళీ జేబుతో అంత నమ్మకం సంపాదించిన నాయకుణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

ఇది రెండు వేల ఎనిమిది ఎండాకాలం నాటి మాట. నాకు కల్లూరులో జిరాక్స్ షాపు ఉంది. మా అమ్మాయి పేరు మీద 'రమ్యశ్రీ జిరాక్స్ అండ్ కంప్యూటర్స్' అని పెట్టుకున్నాను. రోడ్డుకు అవతల పక్క జన సౌలభ్య కేంద్రం. చుట్టుపక్కల మండలాల వాళ్ళందరికీ కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్లు అక్కడే ఇస్తారు. వాళ్ళు ఒరిజినల్ ఇస్తారు, నేను దానికి నకళ్ళు తీస్తాను. ఆ విధంగా రోడ్డుకు ఇటూ అటూ ఉండి ఇద్దరం ప్రజాసేవ చేస్తున్నాం. కాకపోతే నా దగ్గర పని ఆ రోజే అయిపోతుంది.

జేబు ఆలోచన మంత్రి గారికి హైదరాబాదులో వచ్చిందట. ఏదో మీటింగులో ఒకాయన వేరే వాళ్ళ కంప్యూటర్‌కు తన పెన్ డ్రైవ్ గుచ్చాడట. ఆ కంప్యూటర్ తన సంగతి తాను మరచిపోయి, పెన్ డ్రైవ్‌లో ఉన్న సరంజామాతో లేచి కూర్చుందట. మంత్రి గారు అప్పటికి మూడు పార్టీలు మారి ఉన్నారు. ఎవరి ఇంట్లో దూరినా మన సామాను మనతోనే వచ్చే పద్ధతి అంటే ఆయనకు మొదటి నుంచీ మక్కువ. వెంటనే కల్లూరు వచ్చి, షామియానా కింద ఆ మాట చెప్పి, కేంద్రం లోపలికి నడిచారు. నేను అప్పుడే కాగితం కట్టలు దించడానికి పోయి, వెళ్ళమని ఎవరూ అనలేదు కాబట్టి అక్కడే నిలబడ్డాను.

"ఆఫీసు యాడుండాదప్పా?" అన్నారు మంత్రి గారు.

కేంద్రానికి కంప్యూటర్లు చూసే ఇంజనీరు వాసుదేవ్ టేబుల్ కింద ఉన్న డబ్బా చూపించాడు. "ఇందులో ఉంది సార్. అయితే నేరుగా ఇందులో కాదు. ఇది వర్చువల్ మెషిన్. ఈ కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు. మన ఆఫీసు ఆ లోపలి దాంట్లో ఉంది."

"లోపలిది చూపియ్యి మల్ల."

"విడిగా చూపించలేం సార్. కరెంటు దీనిదే, మెమరీ దీనిదే, కీబోర్డు దీనిదే. అది మాత్రం తానే ఒక సొంత కంప్యూటర్‌నని అనుకుంటుంది."

మంత్రి గారి పి.ఎ. రామకోటయ్య గారు అంతదాకా అన్నీ రాసుకుంటున్నవారు, ఇక్కడికి వచ్చేసరికి పెన్ను మూత పెట్టేశారు. మంత్రి గారు మాత్రం ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"అంటే మా ఇంట్లో మా బామ్మర్ది ఉన్నట్టు," అన్నారు. "కరెంటు నాది, కూడు నాది, కారు నాది. వాడు మటుకు సొంతంగా బతుకుతాండా అనుకుంటాండాడు."

వాసుదేవ్ ఇంజనీరింగ్ చదివాడు. ఈ సంగతి ఇంత తేలికగా కాలేజీలో తనకు ఎవరూ చెప్పలేదని ఒప్పుకున్నాడు.

"ఇంకేముండాది? బామ్మర్దిని వేరు కాపురం పెట్టిద్దాం. పెన్ డ్రైవ్‌లో," అన్నారు మంత్రి గారు.

ఫైలులో ఈ పథకం పేరు 'వర్చువల్ మెషిన్ నుంచి బూటబుల్ యు.ఎస్.బి.కి మైగ్రేషన్' అని ఉంది. ఆఫీసులో అందరూ 'బామ్మర్ది పని' అనేవారు. పని మీద గౌరవం తగ్గిందని దీనికి అర్థం కాదు. మంత్రి గారి బామ్మర్ది అంటే జిల్లాలో అందరికీ భయమూ భక్తీ రెండూ ఉన్నాయి.

వాసుదేవ్ కొన్ని కష్టాలు చెప్పాడు. చదువుకున్న వాళ్ళకు మొదట కష్టాలే కనబడతాయి.

"లోపల ఉన్నంతసేపూ అన్నీ ఆ పెద్ద కంప్యూటరే సర్దిపెడుతుంది సార్. బయటికి తెస్తే, గుచ్చిన ప్రతి కంప్యూటర్‌తోనూ అదే సర్దుకోవాలి. దానికి అలవాటు చేయాలి. టైం పడుతుంది."

"వేరు కాపురం పోయినోళ్ళు సర్దుకోరా? నెత్తిన పడితే అందరూ సర్దుకుంటారు."

"ఇంకోటి సార్. ఆఫీసు పెద్దది, పెన్ డ్రైవ్ చిన్నది. పట్టదు."

"లోపల ఏమేముండాయి?" అని రామకోటయ్య గారు అడిగారు.

"సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంతవరకూ ఇచ్చిన సర్టిఫికెట్లున్నాయి. పెండింగ్ దరఖాస్తులున్నాయి. మంత్రి గారి స్వాగత సందేశం వీడియో ఉంది. నిజం చెప్పాలంటే ఆ వీడియోనే చాలా చోటు..."

వాసుదేవ్ ఆ మాట పూర్తి చేయలేదు. రామకోటయ్య గారి ముఖం చూసి ఆపేశాడు.

"పెండింగ్ దరఖాస్తులు తీసెయ్," అన్నారు మంత్రి గారు.

"సార్, అవి జనం పెట్టుకున్నవి..."

"ఏమప్పా, మంత్రి జేబులో పెండింగ్ ఉండాదంటే పేపరోళ్ళు ఏమని రాస్తారు?"

మరుసటి రోజు పేపర్లో వచ్చింది: 'జన సౌలభ్య కేంద్రంలో పెండింగ్ సున్నా'. ఏళ్ళ తరబడి ఎంతమంది అధికారులు తల బద్దలు కొట్టుకున్నా సాధించలేని పని అది. ఆ వార్త కత్తిరించి షాపులో గోడకు అంటించుకున్నాను.

అది అంటిస్తూ ఉండగానే బేతంచెర్ల నుంచి జయరాజ్ వచ్చాడు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కనుబొమ్మల మీద కూడా రాతిపొడి ఉంది. వెంట కూతురు శివజ్యోతి ఉంది. ఆ పిల్ల ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చేట్టుంది. ఆదాయం సర్టిఫికెట్ చూపిస్తే ఫీజు ప్రభుత్వం కడుతుంది. చూపించకపోతే సీటు లేనట్టే. దరఖాస్తు ఎప్పుడో పెట్టుకున్నారు.

"ఏమప్పా, మా పాప కాయితం అయిందా?" అని జయరాజ్ నన్నే అడిగాడు. అందరూ ముందు నన్నే అడుగుతారు. ఆఫీసు బోర్డు కన్నా నా బోర్డు పెద్దది.

వాళ్ళను వెంటబెట్టుకుని రోడ్డు దాటించాను. వాసుదేవ్ పేరు కొట్టి చూశాడు.

"మీది పెండింగ్‌లో లేదు."

జయరాజ్ ముఖం వికసించింది. "అయిపోయిందా సార్?"

"అవలేదు. పెండింగ్‌లో లేదు, అంతే."

"మరి యాడుండాది?"

వాసుదేవ్ కంప్యూటర్ స్క్రీన్ తుడవడం మొదలుపెట్టాడు. నాకు వాడి మీద జాలి వేసింది. జయరాజ్ మీద ఇంకొంచెం ఎక్కువ వేసింది.

"సార్, కౌన్సెలింగ్ వచ్చే వారమే," అంది శివజ్యోతి. "కాయితం లేకుంటే సీటు వేరే వాళ్ళకు ఇస్తామన్నారు. మల్ల దరఖాస్తు పెట్టమంటే ఇప్పుడే పెడతాను. అన్నీ తెచ్చుకున్నాను."

తరలింపు ఏర్పాట్లకని అక్కడే కూర్చుని ఉన్న రామకోటయ్య గారు అప్పుడు తల ఎత్తి ఆ పిల్లను చూశారు. ఇలా చూశారు, అలా చూశారు.

"పాప మైకులో బాగా మాట్లాడేట్టుండాది," అన్నారు. "పేరేమి? శివజ్యోతా? ప్రారంభోత్సవంలో మొదటి లబ్ధిదారు నువ్వే. మంత్రి గారి చేతుల మీదుగా తీసుకుందువు పో."

జయరాజ్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. రాతిపొడి కొంచెం టేబుల్ మీద రాలింది.

తరలింపునకు సిద్ధాంతి గారు ముహూర్తం పెట్టారు. పెన్ డ్రైవ్‌కు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. కంప్యూటర్ పక్కనే కరెంటు పొయ్యి మీద కొత్త గిన్నెలో పాలు పెట్టారు. గృహప్రవేశం అన్నాక పాలు పొంగాలి కదా. పెన్ డ్రైవ్ మూతిలో దూరిన పసుపును వాసుదేవ్ ఎవరూ చూడకుండా చొక్కా అంచుతో తుడుచుకుని, ఆఖరిసారిగా ధైర్యం కూడగట్టుకున్నాడు.

"సార్, ముందు కాపీ చేద్దాం. పెన్ డ్రైవ్ నుంచి లేస్తుందో లేదో చూసుకుని, ఆ తర్వాత ఇక్కడిది తీసేద్దాం."

"కాపీ అంటే?"

వాసుదేవ్ చుట్టూ చూసి, దురదృష్టవశాత్తు నన్ను చూపించాడు. "జిరాక్స్ లాగా సార్."

మంత్రి గారు నన్ను ఎగాదిగా చూశారు. "జిరాక్సా? మంత్రి జేబులో జిరాక్సా? ఏ ఆఫీసులోనన్నా జిరాక్స్ చూపిస్తే ఒప్పుకుంటారా? ఒరిజినల్ తీసుకురాపో అంటారు. ఒరిజినల్ నా జేబులో ఉండల్ల. ఈడ ఏమీ మిగలగూడదు."

సిద్ధాంతి గారు కూడా అదే అన్నారు. వేరు కాపురం పోయాక పాత ఇంట్లో చెంబు కూడా ఉంచకూడదట. ఉంచితే మనసు వెనక్కి లాగుతుందట. ఒక పక్క శాస్త్రం, ఒక పక్క ప్రభుత్వం ఒకే మాట మీద నిలబడితే మధ్యలో ఇంజనీరు ఏం చేస్తాడు? జరిగిన ముక్క జరిగినట్టే పాత చోటు నుంచి చెరిగిపోయేట్టు ఏర్పాటు చేశాడు. నకళ్ళు తీసి పొట్ట పోసుకునే నాకు మంత్రి గారి మాట కొంచెం గుచ్చుకున్న మాట నిజమే. అయినా దేశం ముందుకు పోతున్నప్పుడు సొంత బాధలు చెప్పుకోకూడదు.

స్క్రీన్ మీద పచ్చ గీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది. పాలు పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పచ్చ గీత ఇంకా సగం దారిలోనే ఉంది. సిద్ధాంతి గారు వాచీ చూసుకుని రాహుకాలం వచ్చేస్తోందన్నారు. అది వచ్చే లోపల ఆఫీసు మంత్రి గారి జేబులో పడాలన్నారు.

"ఇంకొంచెం సేపు ఆగండి సార్," అన్నాడు వాసుదేవ్.

"రాహుకాలం ఆగుతాదాప్పా?" అని మంత్రి గారు వంగి, పెన్ డ్రైవ్‌ను తమ స్వహస్తాలతో పీకి జేబులో వేసుకున్నారు. ముత్తైదువలు హారతి ఇచ్చారు. పచ్చ గీత ఉన్నచోటే ఆగిపోయింది. రామకోటయ్య గారు పాత ఇంట్లో మిగిలినదంతా తుడిచేయించి, గదికి తాళం వేయించి, తలుపు మీద 'ఆఫీసు తరలించబడినది' అని నా షాపులోనే ప్రింటు తీయించి అంటించారు.

మంత్రి గారు కారెక్కాక, వాసుదేవ్ పెన్ డ్రైవ్ ఒకసారి అడిగి తీసుకుని నా కంప్యూటర్‌కు గుచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత రామకోటయ్య గారిని పక్కకు పిలిచాడు. జిరాక్స్ మిషన్ ఆపి ఉంది కాబట్టి నాకు అంతా వినబడింది.

"సార్, సగమే వచ్చింది."

"సగం ఆఫీసు నడుస్తాది గదా? మన ఆఫీసుల్లో ఎప్పుడన్నా సగం కంటే ఎక్కువ మంది ఉండారా?"

"ఇది అట్లా కాదు సార్. సగం వస్తే ఏమీ రానట్టే. అసలు లేవదు. ఒక్కటే పూర్తిగా వచ్చింది."

"ఏమి?"

"మంత్రి గారి వీడియో. అది మొదట్లో ఉంది."

రామకోటయ్య గారు ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఆయన చెప్పిన మాట ప్రతి ఆఫీసులోనూ పటం కట్టి పెట్టుకోదగ్గది. "చూడప్పా. పని చేయడం వేరు, ప్రారంభం గావడం వేరు. రెండోది మంత్రి గారి డ్యూటీ. అది ఆగగూడదు. మొదటిది ఎవరి డ్యూటీనో ఇంకా ఉత్తర్వులు రాల్యా."

వాసుదేవ్ ఉద్యోగం కాపాడుకోవలసినవాడు. పెన్ డ్రైవ్ గుచ్చగానే మంత్రి గారి వీడియో మొదలై, అది అయిపోగానే ఆఫీసు మొదటి పేజీ బొమ్మ ఒకటి వచ్చి నిలిచేట్టు తయారు చేశాడు. బొమ్మ కింద 'దయచేసి వేచి ఉండండి' అని రాశాడు. అయితే అది కూడా అన్ని కంప్యూటర్లలో లేవలేదు. సర్కారు కంప్యూటర్లు పాతవి, పెన్ డ్రైవ్‌ను చూసి ముఖం తిప్పుకున్నాయి. లేచింది నా కంప్యూటర్‌లో మాత్రమే. అందువల్ల నా కంప్యూటర్‌ను మంత్రి గారి పర్యటనలకు అద్దెకు తీసుకున్నారు. కంప్యూటర్‌తో పాటు నన్ను కూడా.

మొదటి సభ కడపలో. మంత్రి గారు ముందు కారులో, ఆఫీసును జేబులో పెట్టుకుని వెళ్ళారు. వెనక లారీలో నా కంప్యూటర్, మానిటర్, యు.పి.ఎస్., ప్రింటర్, కరెంటు పోతే జనరేటర్, జనరేటర్‌కు డీజిల్, వీటన్నిటికీ ఎండ తగలకుండా షామియానా వచ్చాయి. లారీలో ఒక మూల శివజ్యోతీ, వాళ్ళమ్మ ఉరుకుందమ్మా కూర్చున్నారు. జయరాజ్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి బస్సులో వచ్చాడు.

హాలు బయట ఒక విలేఖరి అడిగాడు. "సార్, ఆఫీసు జేబులో ఉందన్నారు. మరి వెనక లారీ ఎందుకు?"

"లారీ జేబులో పట్టదు గదప్పా. అందుకని వెనక వస్తాంది," అన్నారు మంత్రి గారు.

విలేఖరి రాసుకున్నాడు. తర్వాత ఎవరూ ప్రశ్నలు వేయలేదు.

వేదిక మీద మంత్రి గారు జేబులో నుంచి ఆఫీసును తీసి జనానికి చూపించారు. వెనక వరసల వాళ్ళకు కనబడలేదు కాబట్టి వాళ్ళు ఎక్కువ చప్పట్లు కొట్టారు. పెన్ డ్రైవ్ గుచ్చగానే తెర మీద మంత్రి గారు ప్రత్యక్షమై అందరికీ నమస్కారం పెట్టారు. పక్కనే నిలబడ్డ అసలు మంత్రి గారు కూడా ప్రతి నమస్కారం చేశారు. వీడియో అయిపోయి 'దయచేసి వేచి ఉండండి' అని రాగానే హాలంతా హర్షధ్వానాలు. సర్కారు ఆఫీసు 'దయచేసి' అనడం వాళ్ళు చూడటం అదే మొదటిసారి.

అప్పుడు శివజ్యోతిని పిలిచారు. తలుపు రెక్కంత అట్టకు ఫ్లెక్సీ అంటించి చేసిన సర్టిఫికెట్‌ను ఇద్దరు మోసుకొచ్చారు. పైన మంత్రి గారి ఫోటో, కింద 'కుమారి శివజ్యోతి, బేతంచెర్ల' అని పెద్ద అక్షరాలు. అక్షరాలు మంచి ఎరుపు. మంత్రి గారు ఒక కొస పట్టుకున్నారు, పిల్ల ఒక కొస పట్టుకుంది.

"ఏమ్మా, సర్టిఫికెట్ అందిందా?" అని మంత్రి గారు మైకులో అడిగారు.

"అందింది సార్," అంది శివజ్యోతి. రామకోటయ్య గారు దారిలోనే నేర్పించారు.

ఫోటోలు తీశారు. సభ అయిపోయింది. శివజ్యోతి ఆ అట్టను జాగ్రత్తగా పట్టుకుని మెట్లు దిగుతుంటే రామకోటయ్య గారు వచ్చి తీసేసుకున్నారు.

"ఏమి సార్, మా పాప కాయితం తీసుకుంటాండారు?" అన్నాడు జయరాజ్.

"ఇది ఊరికే చూపియ్యడానికి. అసలుది సిస్టమ్ లోంచి వస్తాది."

"సిస్టమ్ లోంచి ఎప్పుడొస్తాది సార్?"

"రాసిండాది గదా, చూడల్యా? వేచి ఉండండి అని."

కౌన్సెలింగ్ ముందు రోజు జయరాజ్ మా షాపుకు వచ్చాడు. పేపర్లో పడిన ఫోటో చేతిలో ఉంది. దానికి జిరాక్స్ కావాలన్నాడు. కౌన్సెలింగ్‌లో అన్నిటికీ ఒరిజినల్ ఒకటి, జిరాక్స్ ఒకటి పెట్టమన్నారట. నేను బాగా నలుపు వచ్చేట్టు తీసిచ్చాను. అట్ట మీద పేరు చక్కగా కనబడుతోంది. డబ్బులు తీసుకోలేదు. తీసుకోబుద్ధి కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు తిరిగి వచ్చి, మా షాపు పక్కన సోమక్క టీ బంకు ముందు బల్ల మీద కూర్చున్నారు. నేనే వెళ్ళి అడిగాను.

"కౌన్సెలింగ్ సారు ఫోటో బాగా చూసినారన్నా," అంది శివజ్యోతి. "ఇది సర్టిఫికెట్ తీసుకుంటాండే ఫోటో, సర్టిఫికెట్ గాదు అన్నారు. ఒరిజినల్ తీసుకురాపో అన్నారు. ఒరిజినల్ మంత్రి గారి జేబులో ఉండాది సార్ అన్నా. ఆడ ఉండేవాళ్ళంతా నవ్వినారు."

సీటు వెనకాల ఉన్న పిల్లకు ఇచ్చేశారట. మిగిలిపోయిన సీట్లకు చివరి విడత ఇంకొకటి ఉందట. అప్పటికన్నా కాగితం తెచ్చుకొమ్మన్నారట. సోమక్క ఇచ్చిన టీ ఆ పిల్ల చేతిలోనే చల్లారిపోయింది. నాకు ఆ పూట షాపు తెరవబుద్ధి కాలేదు. కానీ సాయంత్రం కంప్యూటర్‌ను లారీ ఎక్కించాలి కాబట్టి తెరిచాను.

ఎందుకంటే ఆ తర్వాతి సభ బేతంచెర్లలో. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి కూలీలు పని ఆపి వచ్చారు. వాళ్ళంతా ఒకే రంగులో ఉన్నారు. మంత్రి గారు మాట్లాడటం మొదలుపెట్టగానే జనంలో నుంచి జయరాజ్ లేచి నిలబడ్డాడు.

"సార్, నా పేరు జయరాజ్. శివజ్యోతి మా పాప. ఆఫీసు మీ జేబులో ఉండాదంటిరి. ఈడ మా ఊర్లోనే తీసి, మా పాప కాయితం ఇయ్యండి. అట్ట వద్దు సార్. ఈ మాత్రం కాయితం సాలు." అని అరచేయి చాపి చూపించాడు.

ఇలాంటి సమయంలోనే నాయకుడి గొప్పతనం తెలిసేది. మంత్రి గారు చిరునవ్వుతో జేబులో చెయ్యి పెట్టారు. చెయ్యి జేబులో అటూ ఇటూ తిరిగింది. రామకోటయ్య గారి ముఖం పాలిపోయింది. నిన్నటి లాల్చీ చాకలికి వేశారట. ఆఫీసు దాంతో పాటే పోయింది.

రామకోటయ్య గారు వేదిక వెనక్కి పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకున్నారు. నా సంచిలో అమ్మకానికి తెచ్చిన పెన్ డ్రైవ్‌లలో అదే రంగుది ఒకటి దొరికింది. ఖాళీది. మాతో తిరుగుతున్న వాసుదేవ్ దగ్గర మంత్రి గారి వీడియో, బొమ్మ ఎప్పుడూ ఉంటాయి కాబట్టి అందులో ఎక్కించడానికి పెద్దగా టైం పట్టలేదు. ఆ కాసేపూ మంత్రి గారు జనానికి సాంకేతిక విప్లవం గురించి వివరించారు. కొత్త పెన్ డ్రైవ్ గుచ్చితే ఆఫీసు ఎప్పటిలాగే లేచింది. సాయంత్రం చాకలి ఉతికిన పెన్ డ్రైవ్ తెచ్చిచ్చాడు. అది కూడా ఎప్పటిలాగే లేచింది. అట్లా ఆ రోజుతో మనకు రెండు ఆఫీసులయ్యాయి. మంత్రి గారు ఒకటి కుడి జేబులో, ఒకటి ఎడమ జేబులో వేసుకున్నారు. ఏది ఒరిజినల్ అని ఎవరూ అడగలేదు.

జయరాజ్‌ను మంత్రి గారు వేదిక మీదికి పిలిచి భుజం మీద చెయ్యి వేశారు.

"మీ పాపను ఈ పొద్దు రెండు జిల్లాల్లో తెలియనోళ్ళు ఉండారా? ఇంకేమి గావల్లప్పా నీకు?"

జయరాజ్ ఏదో చెప్పబోయాడు. మైకు అప్పటికే వేరే వాళ్ళ చేతికి పోయింది. వెనకే అట్ట వచ్చింది, శివజ్యోతి మళ్ళీ ఒక కొస పట్టుకుంది.

సభ తర్వాత రామకోటయ్య గారు వాళ్ళను లారీ పక్కకు పిలిచి మెత్తగా నచ్చజెప్పారు. "ఇంట్లో కూచుంటే కాయితం వస్తాదా? పెన్ డ్రైవ్ ఎంబడే ఉండల్ల. ఏ ఊర్లో లేస్తే ఆ ఊర్లోనే మొదటి కాయితం మీదే. దానికి నేను జవాబుదారు." పక్కన ఉన్న నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. ఊరికొక లబ్ధిదారును పెట్టాలని ఆయన మొదట అనుకున్నారు. కానీ అట్ట మీద పేరు ఉంది. పేరు మారిస్తే ఊరూరా అట్ట మళ్ళీ చేయించాలి. దానికన్నా మనిషిని తీసుకుపోవడం తేలిక.

శివజ్యోతి ఒప్పుకుంది. చివరి విడత ఇంకా ఉంది కదా.

అప్పటి నుంచి లారీలో వరస ఇది: ముందు జనరేటర్, దాని వెనక నా కంప్యూటర్, దాని మీద దుప్పటి, దాని పక్కన నిలువుగా అట్ట, అట్టకు ఆనుకుని శివజ్యోతీ, వాళ్ళమ్మా. ఎండ తగలకుండా అట్ట బాగానే నీడ ఇచ్చేది. ప్రతి ఊళ్ళో పెన్ డ్రైవ్ గుచ్చినప్పుడల్లా ఆ పిల్ల నా కంప్యూటర్ తెర వైపు చూసేది. మంత్రి గారు నమస్కారం పెట్టేవారు. తర్వాత ఆ బొమ్మ వచ్చి నిలిచేది. ఆ పిల్ల ప్రతిసారీ చివరిదాకా చూసేది. నేను వేరే వైపు చూసేవాణ్ణి.

చివరి విడత ఆదోనికి అవతల ఒక ఊళ్ళో సభ జరిగిన రోజున వచ్చి, ఆ రోజే పోయింది. మధ్యాహ్నం జయరాజ్ ఫోన్ చేసి సీట్లు నిండిపోయాయని చెప్పాడు. నా ఫోనుకే చేశాడు. ఆ పిల్లకు ఇచ్చాను. విని, ఫోను నాకు తిరిగి ఇచ్చింది. అమ్మ అడిగితే ఏమీ లేదంది. రామకోటయ్య గారు వచ్చి టైం అయిందన్నారు. లేచి, చున్నీ సర్దుకుని, వేదిక ఎక్కింది.

జనం బాగా వచ్చారు. మంత్రి గారు కుడి జేబులో ఆఫీసును తీసి చూపించారు. వీడియో వచ్చింది, బొమ్మ వచ్చింది, అట్ట వచ్చింది. ఒక కొస మంత్రి గారు, ఒక కొస శివజ్యోతి.

"ఏమ్మా, సర్టిఫికెట్ అందిందా?"

శివజ్యోతి వెంటనే పలకలేదు. మైకును తన వైపు లాక్కుంది. రామకోటయ్య గారు ఒక అడుగు ముందుకు వేశారు. వాసుదేవ్ కళ్ళు మూసుకున్నాడు.

"అందింది సార్," అంది. "కడపలో అందింది. బేతంచెర్లలో అందింది. మీరు యాడికి పోతే ఆడ నాకు అందుతానే ఉండాది. ఈ పొద్దు సీట్లన్నీ అయిపోయినాయంట సార్. ఈడ గూడా అందింది."

ముందు వరసలో పార్టీ కార్యకర్త ఒకడు చప్పట్లు మొదలుపెట్టాడు. ఇక సభంతా అందుకుంది.

మంత్రి గారికి కళ్ళు చెమర్చాయి. కారెక్కబోతూ రామకోటయ్య గారిని పిలిచి, ఎవరూ నేర్పకుండానే పిల్ల ఎంత చక్కగా మాట్లాడిందో చూశారా అన్నారు. ఆ సీట్ల ముక్క ఒక్కటి తీసేసి, మిగతాదంతా రేపటి నుంచి ప్రతి ఊళ్ళోనూ అలాగే చెప్పించమన్నారు.